తారురోడ్డుకు ఏ సైకిల్ టైరు వేయాలి? వేగం, గ్రిప్ రెండూ కావాలంటే

రోజూ తారురోడ్డు మీదే తొక్కేవాళ్లు కూడా టైరు కొనేటప్పుడు ముందు గుబ్బలు చూస్తారు, అవి ఎంత లోతుగా ఉంటే అంత గ్రిప్ అనుకుంటారు. తారు మీద జరిగేది దానికి తలకిందులు. అక్కడ పట్టు వచ్చేది రబ్బరు రోడ్డుకు ఆనుకోవడం వల్ల, గుబ్బల టైరులో ఆనేది గుబ్బల తలలు మాత్రమే. మలుపులో సైకిల్ వంచగానే అవి పక్కకి ఒరిగిపోతాయి, బండి వదులుగా ఊగుతున్నట్టు హ్యాండిల్లో తెలిసిపోతుంది. పైగా గుబ్బ నలిగి లేచిన ప్రతిసారీ మన కాళ్ల బలం కొంత వేడిగా మారి వృథా అవుతుంది. వానలో కూడా తారు మీద నున్నటి టైరే మేలు, ఎందుకంటే సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉంటుంది, మనం వెళ్లే వేగాల్లో కారు టైరులా నీటి మీద తేలదు. తడిసిన పెయింటు గీతలు, మ్యాన్‌హోల్ ఇనప మూతలు వచ్చినప్పుడు మాత్రం ఏ టైరున్నా సైకిల్ వంచకుండా నిటారుగా దాటండి. గుబ్బలు బురదకీ వదులు మట్టికీ పనికొస్తాయి, అంతే.

వెడల్పు సంగతికొస్తే, టైరు పక్కగోడ మీద 28-622 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది రిమ్ముకు సంబంధించిన కొలత, ఇది కచ్చితంగా కలవాలి. సన్న టైరే వేగం అని చాలాకాలం నమ్మారు కానీ రోడ్డు రేసుల వాళ్లే 23 వదిలేసి 25కి, 28కి, ఇంకా పైకి వెళ్లిపోయారు. గాలి ఒకే ఒత్తిడిలో ఉంటే వెడల్పు టైరు నేలకు ఆనే భాగం పొట్టిగా ఉంటుంది, అందుకని టైరు తక్కువ నలుగుతుంది. టైరుకీ, ఫోర్కు లేదా ఫ్రేముకీ మధ్య రెండు పక్కలా నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ మిగిలేంత వెడల్పు వరకు వెళ్లొచ్చు.

గాలి దగ్గరే అందరూ తప్పు చేస్తారు. పక్కగోడ మీద రాసి ఉండేది గరిష్ఠ హద్దు, అంత కొట్టమని కాదు. రాయిలా బిగిసిన టైరు గరుకు రోడ్డు మీద ఎగిరెగిరి పడుతుంది, అలా ఎగిరినప్పుడల్లా వేగమూ పట్టూ రెండూ పోతాయి. 70 కిలోల మనిషి, 28 టైరు, మామూలు ట్యూబు అయితే 70 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టండి (హుక్‌లెస్ రిమ్ములైతే, అంటే టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం లేనివైతే, 72 దాటనివ్వకండి). తర్వాత 5 చొప్పున తగ్గిస్తూ తెలిసిన రోడ్డు మీదే తొక్కి చూడండి. గుంతలో రిమ్ము తగిలినట్టు అనిపించినా, మలుపులో టైరు మెత్తగా ఒరిగినట్టు అనిపించినా మళ్లీ 5 పెంచి అక్కడ ఆపేయండి. బరువు వెనక ఎక్కువ పడుతుంది కాబట్టి ముందు చక్రానికి కాస్త తక్కువ చాలు.

టైరు చేతిలోకి తీసుకుని పక్కగోడ నొక్కి చూడండి, మెత్తగా మడతపడేది తేలిగ్గా దొర్లుతుంది. పంక్చర్లు ఆపే మందపాటి పట్టీ ఉన్న టైరు కొంత నెమ్మదిస్తుంది, రోజూ పనికి వెళ్లేవాళ్లకి ఆ నష్టం ఫరవాలేదు. మెత్తని రబ్బరుకు గ్రిప్ ఎక్కువ, అరుగుదలా ఎక్కువే.

రెండూ మంచివి కొనే వీలు లేకపోతే మంచిది ముందుకు వేయండి. వెనక చక్రం జారితే చాలాసార్లు సర్దుకోవచ్చు, ముందుది జారితే కింద పడటమే.