ఎలక్ట్రాన్ మోతాదు కొలత పొసగనప్పుడు: సమస్య - పరిష్కారం

ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో మోతాదు అంటే నమూనాలోని ఒక చదరపు ఆంగ్‌స్ట్రామ్ మీద పడిన మొత్తం ఎలక్ట్రాన్ల సంఖ్య (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు). కెమెరా మాత్రం ఒక్కో పిక్సెల్‌కు సెకనుకు ఎన్ని చేరాయో చెబుతుంది, ఎలక్ట్రాన్లను పట్టి కొలిచే ఫారడే కప్పు బీమ్ (ఎలక్ట్రాన్ పుంజం) మొత్తం విద్యుత్ ప్రవాహాన్ని చెబుతుంది. ఈ రెండింటిలో దేన్నైనా నమూనా మీది వైశాల్యంతో భాగించి, ఎక్స్‌పోజర్ సమయంతో గుణిస్తేనే మోతాదు తేలుతుంది. కాబట్టి లెక్క తేడా వచ్చినప్పుడు నేను మొదట అనుమానించేది వైశాల్యాన్నే.

లక్షణం: విలువ సరిగ్గా నాలుగు రెట్లు తేడాగా వస్తోంది

సూపర్ రిజల్యూషన్‌లో (ఒక్కో పిక్సెల్‌ను నాలుగుగా విడగొట్టే పద్ధతిలో) తీసిన చిత్రానికి అసలు పిక్సెల్ పరిమాణాన్ని వాడినా, అసలు పిక్సెల్ లెక్కకు సగం పిక్సెల్ పరిమాణాన్ని వాడినా ఇదే జరుగుతుంది. ఉదాహరణకు పిక్సెల్ పరిమాణం 0.8 ఆంగ్‌స్ట్రామ్‌లు, కెమెరా రేటు పిక్సెల్‌కు సెకనుకు 9.6 ఎలక్ట్రాన్లు అయితే, 9.6ను 0.64తో భాగించగా చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు సెకనుకు 15 వస్తుంది. అక్కడ పొరపాటున 0.4 వాడితే 60 అవుతుంది. రేటును ఏ పిక్సెల్‌కు లెక్కగట్టారో, పరిమాణాన్ని కూడా ఆ పిక్సెల్‌కే తీసుకోవాలి.

తేడా నాలుగు రెట్లు కాక పది శాతం దగ్గర ఉంటే వర్ధన క్రమాంకనాన్ని, అంటే చిత్రం ఎన్ని రెట్లు పెద్దదవుతోందన్న లెక్క సరిగ్గా ఉందో లేదో చూడాలి. పిక్సెల్ పరిమాణంలో 5 శాతం పొరపాటు, వర్గం చేసేసరికి మోతాదులో సుమారు 10 శాతం అవుతుంది. బంగారు స్ఫటికంలోని 2.35 ఆంగ్‌స్ట్రామ్‌ల తలాల ఎడంతో దాన్ని సరిచూసుకోవచ్చు.

లక్షణం: ఫారడే కప్పు ఎక్కువ చూపుతోంది, కెమెరా తక్కువ చూపుతోంది

ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన సమస్య ఇదేనని నా అభిప్రాయం, ఎందుకంటే దీనివల్ల నమూనాకు మనం అనుకున్నదానికంటే ఎక్కువ మోతాదు పడుతున్నా చిత్రంలో ఏ హెచ్చరికా కనిపించదు. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా లెక్కించే కెమెరాలో ఒకే ఫ్రేమ్‌లో, ఒకే చోట రెండు ఎలక్ట్రాన్లు పడితే అది వాటిని ఒకటిగానే లెక్కిస్తుంది. రేటు పెరిగేకొద్దీ ఈ నష్టమూ పెరుగుతుంది. ఎక్స్‌పోజర్ సమయం తగ్గించడం వల్ల ఇది పోదు, బీమ్ తీవ్రతనే తగ్గించాలి. నిర్ధారించుకోవడానికి నమూనా లేని చోట స్పాట్ సైజును (బీమ్ ప్రవాహాన్ని మార్చే అమరికను) వరుసగా మారుస్తూ, ప్రతి మెట్టులోనూ కప్పు ప్రవాహాన్ని, కెమెరా రేటును పక్కపక్కన రాసుకోవాలి. రెండింటి నిష్పత్తి ఎక్కడ చెదరడం మొదలవుతుందో, దానికి దిగువన మాత్రమే కెమెరా లెక్కను నమ్మాలి.

కప్పు లెక్కను చేత్తో వేసి చూడటం మంచిది: 0.1 నానోఆంపియర్ అంటే సెకనుకు సుమారు 62.4 కోట్ల ఎలక్ట్రాన్లు, ఒక మైక్రోమీటర్ వ్యాసం ఉన్న బీమ్ వైశాల్యం 7.85 కోట్ల చదరపు ఆంగ్‌స్ట్రామ్‌లు, కాబట్టి రేటు చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు సెకనుకు 8 ఎలక్ట్రాన్లకు కొంచెం తక్కువ. కప్పుకు బదులు ఫాస్ఫర్ స్క్రీన్ రీడింగును వాడుతుంటే, బీమ్ మొత్తం స్క్రీన్ లోపలే పడుతోందని ముందుగా చూసుకోవాలి, అంచు దాటిన భాగం లెక్కలోకి రాదు. సంకేతాన్ని కూడబెట్టే పాత తరహా కెమెరాలలో అయితే, ఒక ఎలక్ట్రాన్‌కు ఎన్ని కౌంట్లు అన్న గుణకం త్వరణ వోల్టేజీని బట్టి మారుతుంది. 300 కిలోవోల్టుల గుణకాన్ని 200 దగ్గర వాడకూడదు.

లక్షణం: గ్రిడ్ మీద చోటు మారితే మోతాదూ మారుతోంది

గ్రిడ్ అంటే నమూనాను మోసే సన్నని జల్లెడ. క్రయో పద్ధతిలో, అంటే నమూనాను గడ్డకట్టించి చూసేటప్పుడు, దాని మీది మంచుపొర గుండా కొలవడమే దీనికి కారణం. చెదిరిన ఎలక్ట్రాన్లలో కొన్నిటిని ఆబ్జెక్టివ్ అపర్చర్ (బీమ్ దారిలోని చిన్న రంధ్రం), శక్తి కోల్పోయినవాటిని ఎనర్జీ ఫిల్టర్ ఆపేస్తాయి. నమూనా మీద పడింది అంతే అయినా, పొర మందంగా ఉన్నచోట కెమెరాకు తక్కువ చేరుతుంది. గ్రిడ్‌లో పొర విరిగిన చతురస్రంలో (గడిలో), పూర్తిగా ఖాళీగా ఉన్నచోట కొలవాలి.

లక్షణం: ఉదయం కొలిచిన విలువ సాయంత్రానికి తగ్గింది

కోల్డ్ ఫీల్డ్ ఎమిషన్ గన్‌లో (ఎలక్ట్రాన్లను వెలువరించే ఒక రకం భాగంలో) ప్రవాహం క్రమంగా తగ్గడం, ఫ్లాషింగ్ (దాని మొనను క్షణకాలం వేడిచేసి శుభ్రపరచడం) తర్వాత తిరిగి పెరగడం మామూలే. సుదీర్ఘ సేకరణలో మధ్యమధ్య మళ్లీ కొలవాలి.

లక్షణం: లెక్క సరిపోయింది, నమూనా మాత్రం ముందే పాడవుతోంది

అంటే లెక్కకు ఎక్కని మోతాదు ఎక్కడో పడుతోంది. ఫోకస్ సరిచూసే చోటు చిత్రం తీసే చోటికి మరీ దగ్గరగా ఉన్నా, బీమ్ కెమెరా చూసే ప్రాంతం కంటే బాగా వెడల్పుగా ఉండి గ్రిడ్ పొరలోని పక్క రంధ్రాన్ని తాకుతున్నా, అక్కడ తర్వాత తీసే చిత్రానికి ముందే నష్టం జరిగిపోతుంది. క్రయో పద్ధతిలో మొత్తం మోతాదు సాధారణంగా చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు 40 నుంచి 60 ఎలక్ట్రాన్ల వరకే ఉంటుంది, సూక్ష్మ వివరాలు అందులో మొదటి కొన్ని ఎలక్ట్రాన్లకే మసకబారడం మొదలవుతుంది గనుక ఈ ముందస్తు వాటాను చిన్నదని వదిలేయకూడదు. వెతికే దశ రేటును కూడా విడిగా కొలిచి, అక్కడ గడిపిన సమయంతో గుణించి మొత్తానికి కలపాలి. ఫోకస్ స్థానాన్ని బీమ్ వ్యాసం కంటే దూరంగా జరపాలి.