నీట్‌లో మొదటిసారి సీటు రాలేదా? లాంగ్ టర్మ్‌కు పోయే ముందు లోపం ఎక్కడుందో చూసుకోండి

నీట్ ఫలితాలు వచ్చిన వారం తిరగకముందే, ఏడాది పాటు మళ్లీ చదివించే లాంగ్ టర్మ్ కోచింగ్ సెంటర్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి. నల్లగొండ అయినా, పాలమూరు అయినా ఇదే వరుస. అప్పో సప్పో చేసి ఫీజు కట్టి, పిల్లను హాస్టల్‌లో దింపి వస్తారు. అక్కడ మొదటి చాప్టర్ నుంచి మళ్లీ అదే పాఠం. ఏడాది గడిచాక చూస్తే కొందరికి వంద మార్కులు పెరుగుతాయి, చాలామందికి ఇరవై ముప్పై దగ్గరే ఆగిపోతాయి. తెలివి తక్కువై కాదు. మొదటిసారి ఎందుకు తప్పిందో ఎవరూ కూర్చోబెట్టి చూడలేదు.

బైపీసీ పిల్లలకు బాటనీ చెప్పేవాణ్ని కాబట్టి ఏటా జూన్‌లో తల్లిదండ్రులు వచ్చి "సార్, ఏ కోచింగ్ మంచిది?" అని అడుగుతుంటారు. పేపర్, ఓఎంఆర్ (గుండ్రాలు నింపిన జవాబు పత్రం) తెచ్చారా అన్నది నేను అడిగే మొదటి మాట. కింద రాసినవన్నీ అలా పేపర్లు ముందేసుకుని చూసినప్పుడు బయటపడినవే.

సమస్య: "బాగనే రాసిన సార్, కానీ 400 దగ్గరే ఆగింది"

ఎక్కువగా వినపడేది ఇదే. కారణం ఏమిటని అడిగితే పిల్లలు "నెగెటివ్ మార్కులు కొట్టేసినయ్" అంటారు. లెక్క వేస్తే చాలాసార్లు అసలు దెబ్బ ఇంకోచోట తగిలి ఉంటుంది.

ఒక లెక్క చూడండి. 180 ప్రశ్నలు, 720 మార్కులు. ఒప్పుకు నాలుగు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది. ఒక అమ్మాయి 172 ప్రశ్నలు పెట్టింది, 118 ఒప్పు, 54 తప్పు అనుకుందాం. 472లోంచి 54 తీసేస్తే 418. ఇప్పుడు ఆ 54 తప్పులను ఒక్కొక్కటిగా విడదీయాలి. వాటిలో 18 అసలు చదవనివి, లేదా అర్థం కానివి. 22 ఊహించి పెట్టినవి. మిగిలిన 14 తెలిసీ తప్పు పెట్టినవి: "సరికానిది ఏది" అన్నదాన్ని "సరైనది" అని చదవడం, సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చకపోవడం, మూడో ఆప్షన్ అనుకుని రెండో గుండ్రం నింపడం.

ఊహించి పెట్టిన వాటిలో ఓ అయిదు ఒప్పు కూడా అయ్యాయనుకోండి. అవి 20 మార్కులు తెచ్చాయి, 22 తప్పులు 22 మార్కులు తీసుకుపోయాయి. మొత్తం మీద పోయింది రెండే మార్కులు, దాంతోపాటు 27 ప్రశ్నల మీద పెట్టిన టైం. తెలిసీ తప్పు పెట్టిన 14 మాత్రం ఒక్కోటి అయిదు మార్కుల నష్టం, ఎందుకంటే రావాల్సిన నాలుగు రాలేదు, పైగా ఒకటి పోయింది. అంటే 70 మార్కులు. కొత్తగా ఒక్క పేజీ చదవకుండానే ఆ అమ్మాయి 488 దగ్గర ఉండాల్సింది.

పరిష్కారం: నీట్ నిర్వహించే ఎన్టీఏ వెబ్‌సైట్‌లో ఓఎంఆర్ స్కాన్ కాపీ, మీరు పెట్టిన జవాబులు, కీ అందుబాటులో ఉన్న రోజుల్లోనే డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. తర్వాత ఒక నోట్‌బుక్ తీసి ప్రతి తప్పుకూ ఒక వరుస కేటాయించండి: ప్రశ్న నంబర్, చాప్టర్, తప్పు రకం. "సిల్లీ మిస్టేక్" అని మాత్రం రాయొద్దు, ఆ మాట రాస్తే లోపం దాక్కుంటుంది. "యూనిట్ మార్చలేదు", "చివరి లైన్ చదవలేదు" అని విప్పి రాయాలి. లాంగ్ టర్మ్ ఏడాదంతా రాసే ప్రతి టెస్టుకూ ఇదే నోట్‌బుక్ కొనసాగాలి. నెల రోజులకే మీ తప్పుల్లో మూడు నాలుగు రకాలే మళ్లీ మళ్లీ వస్తున్నాయని కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. ఏ కోచింగ్ వాళ్లూ మీ కోసం ఈ పని చేయరు, వందల మందిలో చేయలేరు కూడా.

సమస్య: బయాలజీ 300 దాటింది, ఫిజిక్స్ 50 కూడా రాలేదు

మన జిల్లాల పిల్లల్లో, ముఖ్యంగా సర్కారు కాలేజీలు, గురుకులాల నుంచి వచ్చినవాళ్లలో, ఈ తేడా చాలా ఎక్కువ. ఇంటర్‌లో ఫిజిక్స్‌కు అరవైకి 57 వచ్చిన పిల్ల కూడా ఇక్కడ బోల్తా పడుతుంది.

కారణం: ఇంటర్ పబ్లిక్ పరీక్షలో ఇంపార్టెంట్ ప్రశ్నలు, ఉత్పాదనలు బట్టీ పడితే గట్టెక్కొచ్చు. నీట్‌లో లెక్క చేయాలి, గ్రాఫ్ చదవాలి. పైగా పదో తరగతితోనే మ్యాథ్స్ వదిలేసిన పిల్లలు వీళ్లు. వి స్క్వేర్ ఈక్వల్ టు యు స్క్వేర్ ప్లస్ టూ ఏఎస్ అని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. అదే సూత్రాన్ని వేగం వర్గానికీ దూరానికీ మధ్య గ్రాఫ్‌గా గీసి, వాలు ఎంత అంటే నోరు పెగలదు. వాలు అంటే టూ ఏ, అంటే త్వరణానికి రెట్టింపు. సూత్రం తెలియక కాదు, సరళరేఖ సమీకరణం మరిచిపోవడం వల్ల ఆ నాలుగు మార్కులు పోతాయి.

పరిష్కారం: మొదటి మూడు వారాలు ఫిజిక్స్ పుస్తకం పక్కన పెట్టి మ్యాథ్స్ చేయండి. పదిమీద ఘాతాలు, లాగరిథమ్స్, సైన్ కాస్ విలువలు, గ్రాఫ్ వాలు, గ్రాఫ్ కింది వైశాల్యం, చిన్నపాటి డిఫరెన్షియేషన్. కాలిక్యులేటర్ ఉండదు కాబట్టి దశాంశాల గుణకారం చేత్తోనే రావాలి. ఆ తర్వాత ఆధునిక భౌతికం, సెమీకండక్టర్లు, కరెంట్ విద్యుత్తు, ఉష్ణగతికం, కిరణ దృశాశాస్త్రం. ఇవి తక్కువ రోజుల్లో చేతికొచ్చే చాప్టర్లు. భ్రమణ చలనంతో మొదలుపెట్టి అక్కడే నెల పోగొట్టుకుని, ఇక ఫిజిక్స్ రాదని చేతులెత్తేసిన పిల్లలు చాలామంది ఉన్నారు. 45 ప్రశ్నల్లో పాతిక ఒప్పు తెచ్చుకుంటే చాలు, పరిస్థితి పూర్తిగా మారిపోతుంది.

సమస్య: బయాలజీ బాగా చదివినా 280 దాటట్లేదు

కారణం ఎక్కువగా పుస్తకమే. ఇంటర్‌కు తెలుగు అకాడమీ పుస్తకాలు చదివి, కేంద్ర సిలబస్ పుస్తకాలైన ఎన్‌సీఈఆర్‌టీ పైపైన తిప్పి వెళ్తారు. ప్రశ్నలేమో ఎన్‌సీఈఆర్‌టీ వాక్యాల నుంచే వస్తాయి, ఒక్క మాట అటూ ఇటూ చేసి. సీ4 మొక్కల్లో రుబిస్కో ఉండేది పుంజపు తొడుగు కణాల్లో, పత్రాంతర కణాల్లో ఉండదు. పెప్ కార్బాక్సిలేజ్ దీనికి తిరగేసి ఉంటుంది. ఈ రెండింటినీ తారుమారు చేసి ఇస్తే "చదివినట్టే ఉంది" అనుకున్న పిల్లలు పడిపోతారు. ఎన్‌సీఈఆర్‌టీ వాక్యం వాక్యం చదవండి, బొమ్మల కింద రాసిన మాటలు కూడా. 2024 నుంచి సిలబస్ మారింది, జీర్ణవ్యవస్థ లాంటి చాప్టర్లు పోయాయి. సీనియర్ ఇచ్చిన పాత మెటీరియల్‌తో కూర్చునే ముందు ఇప్పటి సిలబస్ పక్కన పెట్టి టిక్కులు పెట్టుకోండి.

తెలుగు మీడియం పిల్లలకు ఒక మాట. ప్రశ్నపత్రం తెలుగులో కోరుకుంటే ఇంగ్లిష్ కూడా పక్కనే ఉంటుంది, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్‌దే ఫైనల్. కాబట్టి పారిభాషిక పదాలు రెండు భాషల్లోనూ తెలిసి ఉండాలి.

సమస్య: "పోయినేడు మా అన్నకు ఇన్ని మార్కులకే వచ్చింది, నాకెందుకు రాలేదు?"

మార్కులతో మార్కులు పోల్చడం వల్ల వచ్చే గందరగోళం ఇది. 2024లో 67 మందికి 720కి 720 ఇచ్చి, తర్వాత సవరించారు. 2025లో ఫిజిక్స్ కష్టంగా వచ్చి దేశంలోనే మొదటి ర్యాంకుకు 686. ర్యాంకు చూడండి, మీ కేటగిరీలో, మీ కోటాలో. రాష్ట్ర కౌన్సెలింగ్ నడిపే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ప్రకటించే అలాట్‌మెంట్ జాబితాల్లో ఏ ర్యాంకుకు ఏ కాలేజీ వచ్చిందో ఉంటుంది.

సమస్య: సరిపడా ర్యాంకు ఉంది, సీటు మాత్రం చేజారింది

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. ఏడాది చదువు కాగితాల దగ్గర పోతుంది.

కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లలో ఉస్మానియా, గాంధీ, నల్లగొండ, మహబూబ్‌నగర్ పెట్టి ఊరుకుంటారు. మన దిక్కు ఎన్ని కాలేజీలు వచ్చాయో తెలియదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరిలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కొత్త కాలేజీ అని వదిలేయకండి. కన్వీనర్ కోటాలో రాష్ట్రంలోని అన్ని ప్రభుత్వ కాలేజీలూ, ఆ తర్వాత ప్రైవేటు కాలేజీల కన్వీనర్ సీట్లూ, మీకు నచ్చిన వరుసలో చివరిదాకా నింపండి. బీబీనగర్ ఎయిమ్స్ మన దగ్గరే ఉన్నా దానికి ఢిల్లీలోని ఎంసీసీ జరిపే జాతీయ కౌన్సెలింగ్‌లోనే రావాలి. అక్కడ వేరుగా రిజిస్టర్ కావాలి.

ఇక కేటగిరీ. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ వేరు, కేంద్రం అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వేరు. ఆల్ ఇండియా కోటాకు రెండోది కావాలి, అదీ ఆ ఆర్థిక సంవత్సరానిది. రాష్ట్ర బీసీ జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి. వాళ్లు ఎన్టీఏ ఫారంలో జనరల్ అని పెట్టినా రాష్ట్ర కౌన్సెలింగ్‌లో బీసీ రిజర్వేషన్ పోదు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన ఓసీలు) వాళ్లకూ సర్టిఫికెట్ తేదీ ముఖ్యం. ఏప్రిల్ రాగానే మీసేవకు వెళ్లండి, కౌన్సెలింగ్ తేదీలు వచ్చాక తహసీల్ ఆఫీసు చుట్టూ ఉరుకులాడితే ఆగమవుతారు.

రాష్ట్ర కోటా సీట్లకు లోకల్ అవుతారా లేదా అన్న సంగతి ఇంకా ముఖ్యం. 2024లో తెచ్చిన నిబంధన ప్రకారం ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, తెలంగాణలోనే చదివి ఉండాలి. 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పిల్లలు ఇంటర్‌కు విజయవాడ పోతారు, అలంపూర్ వాళ్లు తుంగభద్ర దాటితే కర్నూలే. ఇల్లు ఇక్కడున్నా, రేషన్ కార్డు ఇక్కడున్నా, ఈ లెక్కలో చదువు ఎక్కడన్నదే చూస్తారు. ఇంటర్ అయిపోయాక లాంగ్ టర్మ్ ఎక్కడ తీసుకున్నా నష్టం లేదు. అలా బయట చదివేసిన పిల్లలు ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు ఉన్న మినహాయింపులేమైనా తమకు వర్తిస్తాయేమో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. ఇంట్లో తమ్ముడో చెల్లెలో తొమ్మిదిలో ఉంటే మాత్రం ఇప్పుడే జాగ్రత్త పడండి.

సమస్య: ఇంట్లో టెస్టుల్లో 520, పరీక్షలో 430

పరీక్ష మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా, మే నెలలో. మన ఎండల్లో. పిల్లలు ప్రాక్టీస్ చేసేదేమో తెల్లవారుజామున చల్లగాలిలో. జనవరి నుంచి వారానికొక టెస్టయినా సరిగ్గా రెండింటికి, తిన్నాక, ఓఎంఆర్ షీట్ మీద పెన్నుతో రాయండి. 2025 నుంచి ఆప్షనల్ ప్రశ్నలు లేవు, టైం 180 నిమిషాలే. పది పది ప్రశ్నలకు ఒకసారి గుండ్రాలు నింపుకుంటూ పోతే చివర్లో తొందర ఉండదు.

సమస్య: పిల్ల మాట్లాడటం మానేసింది

ఫలితాల తర్వాత అన్నం సరిగా తినకపోవడం, ఫోన్ ఆఫ్ చేసి పడుకోవడం, చుట్టాలొస్తే లోపలికి పోవడం. దీన్ని బద్ధకం అనుకోవద్దు. పక్కింటి పిల్లతో పోల్చొద్దు, పెట్టిన ఖర్చు ఎత్తొద్దు. కొన్ని రోజులు పుస్తకం ముట్టుకోకున్నా పర్వాలేదు. మాటలు నిరాశగా మారితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

అసలు రెండోసారి రాయాలా?

నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న లెక్క లేదు, గరిష్ట వయసు పరిమితి కూడా లేదు. అందుకే ఆపే గీత మనమే గీసుకోవాలి. నోట్‌బుక్‌లో తేలిన లెక్కతో, తెలిసీ పోగొట్టుకున్న మార్కులు, ఫిజిక్స్‌లో పెరగగలిగినవి కలిపితే మీ కేటగిరీ చివరి ర్యాంకు దరిదాపుల్లోకి వస్తారనిపిస్తే నిశ్చింతగా రాయండి. ఎస్సీ, ఎస్టీ పిల్లలు హైదరాబాద్ ఫీజులకు అప్పు చేసే ముందు సంక్షేమ గురుకుల సొసైటీల లాంగ్ టర్మ్ కోచింగ్ ప్రకటన కోసం చూడండి. రెండోసారి కూడా పెరుగుదల కనపడకపోతే, మూడో ఏడాది ఖాళీగా కూర్చోకుండా బీఎస్సీ నర్సింగ్‌లోనో, ఫార్మసీలోనో, అగ్రికల్చర్‌లోనో చేరండి. అందుకని రెండో ప్రయత్నం ఏడాదిలోనే ఆ కోర్సుల ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ఫారం కూడా నింపి పెట్టుకోండి.