వెరీ బ్యాడ్ స్మెల్ అనే బదులు ఒక్క మాట

ఇంగ్లీష్‌లో ఏం రాసినా వెరీ బ్యాడ్ స్మెల్, వెరీ గుడ్ స్మెల్ దగ్గరే ఆగిపోతుంటే ఇలా చేసి చూడండి, నాకు బాగా పనిచేసింది. రోజుకి ఒక్క మామూలు నౌన్ తీసుకుని దానికి 3 రకాలు రాసుకోవడం, అంతే. స్మెల్ అయితే స్టెంచ్ అంటే ముక్కు మూసుకునే కంపు, అరోమా అంటే కాఫీ కాచేటప్పుడు వచ్చే ఘుమఘుమ, విఫ్ అంటే గాల్లో అలా వచ్చి ఇలా పోయే వాసన (నాకు భలే నచ్చిన మాట ఇది). ఆ రోజు నిజంగా మీ ముక్కుకి తగిలినదాని మీదే ఒక్కో వాక్యం రాయండి, 3 రోజులయ్యాక చూడకుండా మళ్ళీ రాసి, గుర్తురానిది మర్నాటి లిస్టులో కలపండి. ఒకటే జాగ్రత్త, అన్నీ వాసనే కదా అని ఒకదాని బదులు ఇంకోటి వాడితే కుదరదు, పూలకి స్టెంచ్ అంటే తిట్టినట్టే, అందుకే డిక్షనరీలో ఉదాహరణ వాక్యం చూశాకే వాడండి.