ఫిషింగ్ కయాక్‌కి తెరచాప: సమస్యలు, పరిష్కారాలు

చెన్నై దగ్గరి ముత్తుకాడు బ్యాక్‌వాటర్‌లోనో పులికాట్‌లోనో, తెడ్డుతో నడిపే చిన్న పడవైన కయాక్‌కి తెరచాప కట్టినవాళ్లు, ఇబ్బంది రాగానే ముందు తెరచాపనే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు దానిది కాదు. నీటి కింద ఏముంది, బరువు ఎక్కడుంది అన్నది ముందు చూసుకోండి.

గాలికి అడ్డంగా వెళ్దామంటే పక్కకి జారిపోతోంది

ఫిషింగ్ కయాక్ అడుగు వెడల్పుగా, చదునుగా ఉంటుంది. నిలబడి గాలం వేయడానికి అదే కావాలి. కానీ పక్కకి కొట్టుకుపోకుండా ఆపేది అందులో ఏమీ ఉండదు. ఒక పక్కన నీళ్లలోకి దిగే పలక, అంటే లీబోర్డ్, బిగించండి. ఈ తీరంలో తెరచాపతో నడిచిన కట్టుమరాలకూ ఇలాంటి పలకే దించేవారు. పైకి మడిచే వీలుండాలి, లేకపోతే లోతు తక్కువైన చోట ఇసుకలో దిగబడుతుంది. పెడల్ కయాక్ అయితే ఫిన్స్‌ని నిలువుగా దించి ఉంచినా కొంత పట్టు దొరుకుతుంది. ఎన్ని చేసినా గాలికి నేరుగా ఎదురు వెళ్లడం కుదరదు. అలాంటప్పుడు తెరచాప దించి తెడ్డు వేయడమే మేలు.

చుక్కాని తిప్పినా ముక్కు ఒకవైపుకే పోతోంది

తెరచాప ముందుంటుంది. ఐస్‌బాక్స్, రాడ్ల క్రేటు వెనకుంటాయి. బరువున్న వెనక భాగం నీళ్లను గట్టిగా పట్టుకుంటుంది, తేలికైన ముక్కుని గాలి తనవాలుకి తోసేస్తుంది. ఐస్‌బాక్స్‌ని కాళ్ల దగ్గరికి జరపండి, చాలావరకు సర్దుకుంటుంది. చాలకపోతే లీబోర్డ్‌ని కొంచెం ముందుకు జరపండి. ముక్కు గాలి వచ్చే వైపే తిరుగుతుంటే రెండూ వెనక్కి. ఒకసారికి ఒక్కటే మార్చండి, లేకపోతే ఏది పనిచేసిందో తెలియదు.

గాలి విసురుకి ఒరిగిపోతోంది

అన్నిటికన్నా దీన్నే సీరియస్‌గా తీసుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగింతలవుతుంది. చెన్నైలో ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక ఈ తేడా బాగా తెలుస్తుంది. రాడ్ పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలని తెరచాప తాడుని ముడేసి వదిలేస్తే ప్రమాదం. తాడుని పళ్లతో పట్టి ఉంచి, ఒక్క లాగుతో వదిలేసే బిగింపు, అంటే క్యామ్ క్లీట్, పెట్టండి. విసురు తగలగానే తాడు వదిలేయండి, తెరచాప రెపరెపలాడి బలం పోతుంది. చేప పడితే ముందు తెరచాప దించండి, తర్వాతే రీల్. కొత్తలో ఒక చదరపు మీటరు తెరచాప చాలు. లైఫ్ జాకెట్ లేకుండా అసలు దిగొద్దు.

చెన్నై దగ్గరి కోవళంలో సముద్రంలోకి వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. వెళ్లడం హాయిగానే ఉంటుంది, తిరిగి రావడం మాత్రం తెడ్డు మీదే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ పడమటి గాలి పొద్దెక్కినా ఆగని రోజులుంటాయి. ఒడ్డు వదిలేముందే చూసుకోండి.

గాలి ఉన్నా నడక లేదు

తాడు మరీ బిగించి ఉంటారు. తెరచాప ముందు అంచు కొట్టుకునేదాకా వదలండి, అది ఆగేంతవరకే మళ్లీ లాగండి.

తెరచాప కొయ్య ఊగుతోంది, లోపల నీళ్లు చేరుతున్నాయి

కయాక్ బాడీ పాలిథిలిన్‌ది. మామూలు జిగురు దానికి పట్టదు, స్క్రూలు నెమ్మదిగా ఊడొస్తాయి. లోపలివైపు ప్లేటు పెట్టి స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించండి, రంధ్రాల చుట్టూ నీళ్లు చొరకుండా ఆపే బ్యూటైల్ టేపు వేయండి. తర్వాత ఇంటి దగ్గరే పైపుతో నీళ్లు కొట్టి, పైనున్న మూత (హాచ్) తెరిచి లోపల చేత్తో తడిమి చూడండి.