కీళ్లు తిరగబెట్టే రోజుల్లో కడుపు జాగ్రత్త

ఒంట్లోని రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఏళ్ల తరబడి దీనితో ఉన్నవాళ్లకు కీళ్ల నొప్పి, వాపు మళ్లీ తిరగబెట్టే రోజులు వస్తూనే ఉంటాయి. వేళ్లు ముడవవు, రాత్రి నిద్ర పట్టదు. అప్పుడు రోజూ వేసుకునే నొప్పి మాత్రకు తోడు ఇంకొకటి వేసేసుకుంటారు. కడుపుకు అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. నొప్పి పెరిగితే ఏం వాడాలో, ఎంత వరకు వాడాలో ఒంట్లో బాగున్నప్పుడే డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మందులు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవకుండా అడ్డుకుంటాయి. నొప్పిని, వాపును పెంచేవి అవే, కడుపు లోపలి పొరను యాసిడ్ నుంచి కాపాడేవీ అవే. అందుకే తిన్నాక వేసుకుంటే మంట తగ్గుతుందేమో గానీ అల్సర్ (కడుపు లోపలి పొరలో పుండు) రాదన్న భరోసా లేదు. ఇంజెక్షన్ అయినా అంతే, మందు రక్తంలో కలిసి కూడా కడుపు పొరను దెబ్బతీస్తుంది.

వీటికి ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ తోడైతే ముప్పు చాలా పెరుగుతుంది. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్లు, 65 ఏళ్లు దాటినవాళ్లు, ఇదివరకు అల్సర్ వచ్చినవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ లాంటి యాసిడ్ తగ్గించే మాత్ర అవసరమా, కడుపులో అల్సర్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా పరీక్ష చేయించాలా అని వీళ్లు తప్పక అడగాలి. జలుబుకో తలనొప్పికో కొనే మాత్రలో కూడా ఇదే రకం మందు ఉండొచ్చు, చూసుకోండి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది నొప్పి లేని అల్సర్. కొందరికి రక్తం పోవడమే మొదటి గుర్తు. మలం తారులా నల్లగా, జిగటగా వచ్చినా, వాంతిలో రక్తం గానీ కాఫీ పొడి లాంటిది గానీ పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది, కానీ ఆ నెపంతో ఊరుకోవద్దు. హిమోగ్లోబిన్ తగ్గితే "ఈ జబ్బులో మామూలేలే" అనుకుంటారు. నిజమే, జబ్బు వల్లా తగ్గుతుంది. అయినా లోపల రక్తం కారుతోందేమో చూడకుండా ఆ మాట అనకూడదు.

స్టెరాయిడ్ వాడుతుంటే పేగుకు చిల్లు పడినా జ్వరం, నొప్పి అంతగా తెలియకపోవచ్చు. ఈ కీళ్ల జబ్బుకే ఇచ్చే టోసిలిజుమాబ్, టోఫాసిటినిబ్ మందులు వాడేవాళ్లలో ఈ చిల్లు పడే ప్రమాదం కొంత ఉంది. పెద్దపేగు గోడలో ఏర్పడే చిన్న సంచులు వాచే డైవర్టిక్యులైటిస్ ఇదివరకు వచ్చి ఉంటే మందు మొదలుపెట్టక ముందే చెప్పండి. కొత్తగా వచ్చిన కడుపునొప్పి కొద్దిగానే ఉన్నా ఆలస్యం చేయొద్దు.

ఈ జబ్బును అదుపులో ఉంచే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. వికారం, నోటి పూత ఉంటే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర గురించి అడగండి. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలు మందును సరిగా బయటికి పంపలేవు. ఆ వారం డోసు వేసుకునే ముందు డాక్టర్‌కు ఫోన్ చేయండి.

ఎముకల కోసం అలెండ్రోనేట్ వేసుకుంటే గ్లాసు నిండా నీళ్లు తాగి, అరగంట పాటు పడుకోకండి. నోరు ఎండిపోయి మింగడం కష్టమైతే లాలాజలం, కన్నీళ్లు తగ్గిపోయే షోగ్రెన్స్ అనే జబ్బేమో చూపించుకోవాలి. ఎన్నాళ్లకూ తగ్గని విరేచనాలు, బరువు తగ్గడం, కాళ్ల వాపు కలిసి కనిపిస్తే ఒక రకం ప్రొటీన్ అవయవాల్లో పేరుకుపోయే అమిలాయిడోసిస్ కావచ్చు. అరుదే అయినా పరీక్ష చేయించుకోవాల్సిందే.

చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ను కడుపు బాగోలేదని సొంతంగా ఆపేయకండి. వాంతులతో ఆ మాత్ర నిలవకపోతే, వాడుతున్న మందులన్నీ పట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.