మూడు మంచి సంగతులు: అసలు పని ‘ఎందుకు’ దగ్గరే ఉంది

మనిషి సంతోషాన్ని, బలాలను పరిశోధించే మనస్తత్వశాస్త్ర శాఖే పాజిటివ్ సైకాలజీ. అందులో పరీక్షకు నిలిచిన అభ్యాసాలు కొన్నే. ఇంట్లో మొదలుపెట్టడానికి వాటిలో సులువైనది ‘మూడు మంచి సంగతులు’. అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో దీన్ని వారం రోజులు చేసినవాళ్ళలో దిగులు లక్షణాలు తగ్గాయి, సంతోషం పెరిగింది. ఆ మార్పు ఆరు నెలల దాకా కనిపించింది. వారం అయ్యాక కూడా సొంతంగా కొనసాగించినవాళ్ళకే ఎక్కువ ఫలితం దక్కింది.

ఒక నోటుపుస్తకం, పెన్ను, పడుకునే ముందు పది నిమిషాలు చాలు. ఫోన్లో రాయకండి, మధ్యలో వాట్సాప్ మోగిందంటే ఆ రాత్రికి అంతే సంగతులు. ఆ రోజు బాగా జరిగినవి మూడు రాయండి, ఎంత చిన్నవైనా ఫర్వాలేదు. ప్రతిదాని కింద అది ఎందుకు జరిగిందో ఒకటి రెండు వాక్యాలు రాయండి.

చాలామంది ఈ రెండో భాగాన్ని ఎగ్గొడతారు. ‘ఈరోజు బాగానే గడిచింది’ అని రాస్తే మనసుకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. దాని బదులు ఇలా రాయండి: ‘సాయంత్రం అమ్మ ఫోన్ చేసి ఆవకాయ పాళ్ళు చెప్పింది. పోయినేడు ఉప్పు మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. ఎందుకు జరిగింది? పొద్దున నేనే మెసేజ్ పెట్టి అడిగాను కాబట్టి.’ ఈ చివరి వాక్యంలో మీ చెయ్యి కనిపిస్తోంది, అంటే రేపు మళ్ళీ చేయగలిగే పని ఒకటి దొరికినట్టే. ‘దేవుడి దయ’ అని రాసుకున్నా తప్పులేదు. దాని పక్కనే ఒక మనిషి చేసిన పనిని కూడా వెతకండి.

నాలుగైదు రోజులకే ‘ఇల్లు, ఆరోగ్యం, ఉద్యోగం’ అని అవే పదాలు తిరిగొస్తుంటాయి. మనసు దేనికైనా ఇట్టే అలవాటు పడిపోతుంది. ఒకసారి రాసింది ఆ వారంలో మళ్ళీ రాయకూడదని నియమం పెట్టుకోండి. అయినా విసుగొస్తే వారానికోసారికి తగ్గించండి. మనస్తత్వవేత్త సోన్యా లుబోమిర్స్కీ బృందం ఇలాంటి కృతజ్ఞతా జాబితాలనే ఆరు వారాలు రాయించి చూస్తే, వారానికి ఒక్కసారి రాసినవాళ్ళకు మేలు జరిగింది, మూడుసార్లు రాసినవాళ్ళకు జరగలేదు.

మంచి చెప్పుకుంటే దిష్టి తగులుతుందని కొందరికి భయం. ఎవరికీ చూపించకండి, సరిపోతుంది. స్టేటస్‌లో పెట్టడం మొదలైతే ఎలాగూ లైకుల కోసం రాయడమే అవుతుంది. ‘పక్కింటివాళ్ళకన్నా నయం’ లాంటి పోలికలు కూడా వద్దు. అవి రేపు మీకన్నా బాగున్నవాళ్ళ మీదికి తిరుగుతాయి.

చెడ్డ రోజున బలవంతంగా నవ్వు పులుముకోనక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాసి, ఆ పూట తోడుగా నిలిచినవాళ్ళ పేరు చేర్చండి. దిగులు రెండు వారాలు దాటి, నిద్రా తిండీ దెబ్బతింటే ఈ పుస్తకం చాలదు, డాక్టరును కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

కృతజ్ఞతా లేఖది ఇంకో దారి. మీరు ఎప్పుడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పని మనిషికి ఒక పేజీ రాసి, వెళ్ళి ఎదురుగా చదవాలి. అదే 2005 అధ్యయనంలో మొదట్లో అన్నిటికన్నా పెద్ద ఫలితం దీనిదే, కానీ కొన్ని నెలల్లో కరిగిపోయింది. అందుకే ఏడాదికి రెండు మూడుసార్లు చాలు. అమ్మానాన్నలకు ‘థాంక్స్’ అనడం మన ఇళ్ళలో కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఆ మాట వదిలేసి, చేసిన పనినే చెప్పండి: ‘నా ఇంటర్ ఫీజుకి నీ గాజులు కుదువ పెట్టావు, నాకు తెలుసు.’

ఇక బలాల సంగతి. వయా (VIA) అనే ఉచిత ప్రశ్నావళి కుతూహలం, దయ లాంటి 24 గుణబలాలను మీలో ఏవి ముందున్నాయో ఆ వరసలో చూపిస్తుంది. పై ఐదింటిలో ఒకదాన్ని తీసుకుని, వారం పాటు రోజుకో కొత్త రకంగా వాడాలి. కుతూహలం పైన ఉంటే ఒకరోజు రోజూ కూరలు కొనే అంగడిలో పేరు తెలియని ఆకుకూర వండే తీరు అడగండి, మర్నాడు తాతయ్యని మీ ఊరి చెరువు ఎవరు తవ్వించారో అడగండి. ప్రశ్నావళి పూర్తిచేసి ఫలితం చదివి మురిసిపోయి ఊరుకున్నవాళ్ళకు ఆ 2005 అధ్యయనంలో నిలిచే లాభమేమీ దక్కలేదు.