పొద్దున్నే మడమ నొప్పి: నాకు ఎలా తగ్గిందంటే

మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో ఒకటే పోటు. నాలుగడుగులు వేస్తే సర్దుకునేది, కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ అదే. ఎముక పెరిగిందేమోనని టెన్షన్ పట్టుకుంది. ఫిజియోథెరపిస్టు నా బొటనవేలిని వెనక్కి వంచి, మడమకు కాస్త ముందు, లోపలివైపు వేలితో నొక్కారు. ప్రాణం పోయినంత పనైంది. "ఇది ప్లాంటార్ ఫేషియా నొప్పి" అన్నారు.

మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అడుగున సాగే గట్టి పట్టీయే ప్లాంటార్ ఫేషియా. ఇది వింటికి కట్టిన నారిలా పాదం వంపును నిలబెడుతుంది. పిక్క బిగుసుకుంటే, దాన్ని మడమకు కలిపే అకిలిస్ స్నాయువు మడమను పైకి లాగుతుంది, ఆ భారం పట్టీ మీద పడుతుంది. అందుకే నాకు పిక్క వ్యాయామం కూడా చెప్పారు. ఎక్స్‌రేలో మడమ ముల్లు (మడమ దగ్గర పెరిగిన ఎముక మొన) కనబడినంత మాత్రాన నొప్పి దానివల్లే అనుకోనక్కర్లేదు. ఏ నొప్పీ లేనివాళ్లకూ అది ఉంటుంది.

మంచం దిగకముందే కాలు మోకాలి మీద వేసుకుని వేళ్లను వెనక్కి లాగి పట్టుకునేదాన్ని. తర్వాత గోడకు చేతులానించి, మడమ నేలకు ఆనించి పిక్కను సాగదీయడం. ఇంట్లో టైల్స్ మీద కూడా మెత్తటి చెప్పులే. తగ్గడానికి నెలలు పట్టింది, కానీ తగ్గింది. వాపు, తిమ్మిరి, రాత్రిళ్లు నొప్పి ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించండి.